పూర్వ భాగ్‌లో రొట్టె పాఠం

జపాన్ వెళ్లి సుషీ నేర్చుకునే మనవాళ్లు పెరుగుతున్నారు. హైదరాబాద్ నుంచి ఒక పూట ప్రయాణంలో ఉన్న సోలాపూర్ నేతవాడల్లో అంతకు తగ్గని చేతి విద్య ఒకటి ఉంది. దానికి క్లాసు లేదు, బోర్డు లేదు, ఫీజు అసలే లేదు.

జొన్నపిండి మాట వినదు. గోధుమపిండిని తడిపి కాసేపు పక్కన పెడితే దానంతటదే సాగుతుంది. చేయి తిరగనివాళ్లు ఒత్తినా ఏదో ఒక ఆకారంలో నిలుస్తుంది. జొన్నలో ఆ సాగుడునిచ్చే గ్లూటెన్ లేదు. చన్నీళ్లు పోసి పిసికితే ముద్ద అయినట్టే అవుతుంది, తట్టబోతే అంచులన్నీ పగుళ్లిస్తుంది. అందుకే నీళ్లు మరగాలి. మరిగే నీళ్లు తగిలినచోట పిండిలోని గంజి కొంత ఉడికి జిగురవుతుంది. రొట్టెను పట్టి ఉంచేది ఆ జిగురే.

నీళ్లు ఎన్ని పోయాలని అడిగితే, సోలాపూర్‌లో నాకు రొట్టె నేర్పిన పెద్దమ్మ ఎదురు ప్రశ్న వేసింది. "ఎన్నడు పట్టిచ్చిన పిండి?"

నిన్న గిర్నిలో పట్టించిన పిండికి ఒక లెక్క, పది రోజుల కిందటి పిండికి ఇంకో లెక్క. పిండి పాతబడేకొద్దీ జిగురు తగ్గుతుంది, కాస్త చేదు కూడా ఎక్కుతుంది. కాబట్టి ఆమె ఇంట్లో జొన్నలు బస్తాలో ఉంటాయి, పిండి మాత్రం డబ్బాలో నాలుగు రోజులకు మించి ఉండదు. గిన్నెలూ గ్రాములూ రాసుకుందామని తీసిన నోట్‌బుక్ మొదటి ప్రశ్నకే మూసేయాల్సి వచ్చింది.

ఎడో కూలీల తిండి

ఈ ప్రయాణానికి కారణం నిజానికి సుషీ. జపాన్ వెళ్లొచ్చిన స్నేహితుల ఫోన్లలో ఫుజీ పర్వతం తర్వాత ఉండే ఫొటో ఇప్పుడు అదే. తెల్లటి ఏప్రన్, ముందు చెక్క పలక, అరచేతిలో అన్నం ముద్ద. టోక్యోలో త్సుకిజీ చుట్టుపక్కల ఇలాంటి క్లాసులు బోలెడు. అక్కడి హోల్‌సేల్ చేపల మార్కెట్ 2018లో టొయోసుకు తరలిపోయింది కానీ, బయటి దుకాణాల వీధి మిగిలింది. యాత్రికులూ మిగిలారు. రెండు మూడు గంటల్లో వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నాన్ని చెక్క తొట్టిలో విసురుతూ చల్లార్చడం, చేతులు తడి చేసుకుని ఆ అన్నాన్ని విరగకుండా, మరీ గట్టిపడకుండా ముద్ద చేయడం, పైన చేప ముక్క అద్దడం నేర్పిస్తారు. చివర్లో మీరు చేసింది మీరే తింటారు. దీని వెనుక పెద్ద ప్రచారమే ఉంది. జపాన్ భోజన సంప్రదాయం 'వాషోకు' 2013లో యునెస్కో జాబితాకెక్కింది. అంతకు రెండేళ్ల ముందు జిరో ఓనో అనే వృద్ధ సుషీ మాస్టారి మీద వచ్చిన 'జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ' డాక్యుమెంటరీ ఆ చేతులను ప్రపంచమంతా చూసేలా చేసింది.

ఆ ప్రచారంలో పెద్దగా వినిపించని సంగతి ఒకటుంది. చేత్తో ముద్ద చేసి చేప అద్దే 'నిగిరి' పుట్టింది దొరల భోజనశాలల్లో కాదు. ఇవాళ్టి టోక్యో అప్పట్లో ఎడో. 1820లలో హనాయా యొహెయ్ అనే వ్యాపారి పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ తిండి ఆ నగరపు వీధి బండ్ల మీద పెరిగింది. పనిలోంచి పరుగున వచ్చి, నిలబడే రెండు ముద్దలు తిని మళ్లీ పనిలోకి పోయేవాళ్ల కోసం చేసింది. ముద్ద ఇప్పటికంటే బాగా పెద్దదిగా ఉండేదట. కడుపు నిండాలి కదా! మర్యాద తర్వాత వచ్చింది, ధర ఇంకా తర్వాత వచ్చింది.

మరి మన పనివాళ్ల తిండిలో ఇంత చేతి విద్య ఎక్కడుంది? ఆ ప్రశ్న పట్టుకునే సోలాపూర్ వెళ్లాను. మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా పుణె పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది ఊరు. నాలాంటివాళ్లు పుణె పోతూ బస్సు కిటికీలోంచి దుప్పట్ల దుకాణాలు చూసి, నిద్రలోకి జారుకునే ఊరు.

మగ్గం వెంట వచ్చినవాళ్లు

సోలాపూర్‌లో తూర్పు వైపు నేతవాడలన్నిటినీ కలిపి 'పూర్వ భాగ్' అంటారు. సాఖర్ పేఠ్, దాజీ పేఠ్, జోడ్‌భావి పేఠ్, అశోక్ చౌక్, కన్నా చౌక్... దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, వాటి కింద నిలబడి బేరమాడే గొంతులు తెలంగాణవి. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పద్మశాలీలు తరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు నడక మొదలుపెట్టింది. దాని వెనక నర్సింగ్‌గిర్జీ, లక్ష్మీ, విష్ణు మిల్లులు వచ్చాయి. అదే కాలంలో దక్కన్‌ను 1876-78 కరువు పిండేసింది. చేతిలో మగ్గం విద్య, ఇంట్లో లేని గింజలు. ఎటు పోవాలో ఆలోచించుకోవాల్సిన పని లేకపోయింది.

మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నేత మాత్రం ఇళ్లలోకి, షెడ్లలోకి వచ్చి నిలిచింది. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది, ఇప్పుడు రేపియర్ మగ్గాలు కూడా దిగాయి. నెమళ్ల బొమ్మల జకార్డ్ దుప్పటి, టెర్రీ తువ్వాలు, ఈ రెండూ సోలాపూర్ పేరు మీద జీఐ గుర్తింపు పొందాయి. పుల్గం, చాట్ల లాంటి తెలుగు ఇంటిపేర్లు మహారాష్ట్ర అంతటా దుప్పట్ల, తువ్వాళ్ల పేర్లయ్యాయి. పద్మశాలీ శిక్షణ సంస్థ బడులు, కాలేజీలు నడుపుతోంది. 1980 నుంచి 1998 దాకా సోలాపూర్ నుంచి లోక్‌సభకు వెళ్లిన గంగాధర్ కూచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజ్ వల్యాల్ ముగ్గురూ తెలుగువాళ్లే. ఈ సంగతి హైదరాబాద్‌లో చెబితే ఇప్పటికీ నమ్మరు. శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం కదిలితే ఈ పేటల్లో మగ్గాలు ఆగుతాయి. బతుకమ్మకు మరాఠీ ఇరుగుపొరుగు కూడా వచ్చి చుట్టూ నిలబడతారు.

మగవాళ్లది మగ్గమైతే ఆడవాళ్లది బీడీ. తునికాకు తడిపి, కత్తెరతో కొలతకు కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, వెయ్యికి ఇంతని కూలి. వేలాది తెలుగు ఆడవాళ్లు ఇదే పనిలో ఉన్నారు. వీళ్ల ఇళ్ల కోసం కమ్యూనిస్టు నాయకుడు నరసయ్య ఆడం దశాబ్దాల పాటు కొట్లాడారు. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం పదివేల ఇళ్ల కాలనీ వచ్చింది. దానికి కమ్యూనిస్టు నాయకురాలు గోదుతాయి పరుళేకర్ పేరు పెట్టారు. ఆ తర్వాత రేనగర్ పేరుతో 30,000 ఇళ్లు తలపెట్టారు. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు. మరమగ్గాల కార్మికులు, బీడీ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు ఆ ఇళ్లలో చేరారు.

నేను వెళ్లిన ఇల్లు కొత్త కాలనీలోది కాదు, పాత పేటలోది. ముందు గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేదట. ఇప్పుడక్కడ మోటారు సైకిలు, బీడీ ఆకు గోతం, గోడకు మార్కండేయుడి పటం. వెనక వంటిల్లు. పరిచయస్తుల ద్వారా 'రొట్టె నేర్చుకోవాలంట' అని కబురు పెట్టిస్తే, ఇంట్లోవాళ్లు ఒకటికి రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారట. తినడానికా, నేర్చుకోవడానికా అని.

అరచేతి మడిమె

పాఠం సబ్బుతో మొదలైంది. పెద్దమ్మ పొద్దున్నుంచి బీడీలు చుడుతూ ఉంది. లేచి, మోచేతుల దాకా నీళ్లు పోసుకుని, సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి రుద్దుకుంది. వేళ్ల కొసలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తృప్తి కలగలేదేమో, మళ్లీ రుద్దింది. "తంబాకు వాసన రొట్టెకు పట్టొద్దు బిడ్డా. మా అత్త గదే చూసేది, రొట్టె తర్వాత చూసేది." సుషీ మాస్టర్లు చేప ముట్టే ముందు చేతులు ఎలా కడుక్కోవాలో గంటసేపు చెబుతారని విన్నాను. ఇక్కడ ఆ అధ్యాయం ఐదు నిమిషాల్లో అయిపోయింది.

పరాతలో పిండి కుప్పగా పోసి మధ్యలో గుంట చేసింది. మరిగే నీళ్లు ఆ గుంటలోకి పోసి, గరిటె కాడతో కలిపి, పొడి పిండి పైకి కప్పేసింది. కాసేపు అలా మగ్గాలి. ఆ తర్వాత మొత్తం పిండిని ఒకేసారి కలపదు. ఒక్క రొట్టెకు సరిపడా పక్కకు లాక్కుని, చన్నీళ్లలో వేళ్లు ముంచి, అరచేతి అడుగుభాగంతో ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్లీ తోస్తుంది. "వేళ్లతోని గాదు. మడిమెతోని. ఒంటి బరువంత దాని మీద పడాలె." ముద్ద అంచును బొటనవేలితో నొక్కి చూస్తుంది. పగులు కనిపిస్తే ఇంకా తొయ్యాలి. కనిపించకపోతే గుండ్రం చేసి, పరాతలో పొడి పిండి చల్లి, తట్టడం మొదలు.

తట్టడంలో ఉన్న కిటుకు చూస్తే తెలియదు. కుడి అరచేయి దెబ్బ కొడుతుంది. ఎడమ చేతి వేళ్లు అంచును కాపలా కాస్తాయి. ప్రతి దెబ్బకూ రొట్టె తనంతట తాను కొద్దిగా తిరుగుతుంది. తిప్పుతున్నట్టు ఎవరికీ కనిపించదు. తిరగడం ఆగిందంటే అడుగున పొడి పిండి అయిపోయి అంటుకున్నట్టే. అది కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. పొడి మీద తట్టే చప్పుడు గలగలా ఉంటుంది, అంటుకోగానే మొద్దుబారుతుంది. పెద్దమ్మ నా వైపు చూడకుండా, టీవీలో మరాఠీ సీరియల్ చూస్తూనే "అంటుకుంది, పిండి చల్లు" అంది. తువ్వాళ్ల షెడ్డులో మగ్గం చప్పుడు మారితే పోగు తెగిందని దూరం నుంచే పోల్చుకునే ఇంట్లో పెరిగిన చెవి అది.

ఎత్తడం అసలు పరీక్ష. పళ్లెమంత రొట్టెను రెండు అరచేతుల మీదికి జార్చుకుని, వేడెక్కిన పెంక మీద బోర్లించాలి. పొడి పిండి అంటిన వైపు పైకి రావాలి. వెంటనే నీళ్లలో ముంచిన చేత్తో ఆ పై భాగమంతా ఒక్క తీరుగా తడమాలి. పొడి అంతా నీళ్లలో కలిసిపోయి పలుచని పొరలా పరుచుకుంటుంది. ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పేయాలి. ఆలస్యమైతే పైపొర పగులుతుంది, పొంగదు. తొందరపడితే పెంకకు అతుక్కుంటుంది. రెండో వైపు కాలాక మళ్లీ తిప్పి, పెంక తీసేసి మంట మీదే పెడితే రొట్టె ఒక్కసారిగా ఉబ్బి, రెండు పొరలవుతుంది. సుషీ ముద్ద చేసేవాళ్ల చేతికి ఎప్పుడూ కాస్త తడి ఉండాలి. ఇక్కడ ఒకే రొట్టెకు చేయి పొడి నుంచి తడికి, తడి నుంచి నిప్పుకు మారుతూ ఉంటుంది. రెండింటిలో ఏది కష్టమని నన్నడిగితే, రెండూ నేర్చుకున్నవాళ్లను అడగమంటాను. నా ఓటు మాత్రం జొన్నకే.

ఇంటి కోడలు ఇవన్నీ చూస్తూ నవ్వుతోంది. ఆమెది యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో ఉద్యోగం. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఆమె రొట్టె పద్ధతే వేరు. ప్లాస్టిక్ కవరు పరిచి, పైన ఇంకో కవరు కప్పి, కర్రతో ఒత్తేస్తుంది. గుండ్రంగానే వస్తుంది, త్వరగా అవుతుంది. "గదేం రొట్టె? ప్యాకిట్ రొట్టె" అని పెద్దమ్మ మూతి తిప్పుతుంది. రాత్రి మాత్రం అదే రెండు వేడివేడిగా వేయించుకుని తింటుందని కోడలు నాకు రహస్యంగా చెప్పింది. నేను ఎవరి పక్షమూ వహించలేదు. కార్ఖానాలో పన్నెండు గంటలు నిలబడి వచ్చినదాన్ని పరాత ముందు కూర్చోబెట్టి సంప్రదాయం గురించి చెప్పడం ఆదివారం సంచికలు రాసేవాళ్లకు సులువే.

నూనె ఎక్కడిది?

రొట్టె పక్కన శేంగా చట్నీ లేకపోతే సోలాపూర్ భోజనం కాదు. పల్లీల పొడి మనకు కొత్తేం కాదు. కానీ ఇక్కడిది పొడి కాదు, పచ్చడీ కాదు. పిడికిట పడితే ముద్దవుతుంది, వదిలితే రాలుతుంది. వేళ్లకు ఎర్రటి నూనె అంటుతుంది. చట్నీలో నూనె చుక్క కూడా పోయరు. ఆ నూనె దంచితే వచ్చేది.

పల్లీలను సన్న మంట మీద ఓపిగ్గా వేయించి, పొట్టు చెరిగేయాలి. రోట్లో ముందు ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు, కారం పడతాయి. వాటి మీద పల్లీలు. రోకలి పోటు పడేకొద్దీ పల్లీ నలిగి, దానిలోని నూనె బయటకు వచ్చి కారాన్ని తడుపుతుంది. మిక్సీలో వేస్తే బ్లేడు కోస్తుంది, నలపదు. క్షణంలో పొడి అవుతుంది, ఇంకో క్షణం తిప్పితే వేడెక్కి ముద్దయిపోతుంది. మధ్యలో ఉన్న ఆ దశ రోటికే దొరుకుతుంది. పెద్దమ్మకు రోకలి ఎత్తే ఓపిక తగ్గింది. వాడలో చట్నీ దంచి అమ్మే ఇల్లు ఒకటుంది, అక్కడి నుంచి తెప్పిస్తుంది. "దంచిచ్చిందా, మిషిన్ల ఏసిందా?" అని ప్రతిసారీ అడుగుతుంది. అడిగి, నాలుక మీద వేసుకుని, తనే తేల్చుకుంటుంది.

జొన్నల గురించి ఆమె పట్టుదల ఇంకా గట్టిది. 'మాల్‌దండి' తప్ప ఇంటికి రాదు. సోలాపూర్ జిల్లా యాసంగి జొన్నకు పెట్టింది పేరు. నల్లరేగడిలో వానలు వెళ్లాక మిగిలిన తేమతోనే పెరుగుతుంది. ఆ స్థానిక మాల్‌దండి నుంచి మోహోళ్‌లో ఎంపిక చేసిన ఎం 35-1 రకం ఎన్ని కొత్త వంగడాలు వచ్చినా రైతు చేతి నుంచి జారలేదు. గింజ తెల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది, రొట్టె మెత్తగా వస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ యాసంగి జొన్న కోసం సోలాపూర్‌లోనే ప్రత్యేక కేంద్రం నడుపుతోంది. పక్కనే ఉన్న మంగళవేఢె జొన్నకు 2016లో జీఐ గుర్తింపు వచ్చింది. కరువులో బీదరు సుల్తాను ధాన్యపు కొట్లు తెరిచి జనానికి పంచేసిన దామాజీ పంతు కథ ఆ ఊరిదే. సుల్తానుకు ఆ ధాన్యం బాకీని మారువేషంలో వచ్చి తీర్చింది సాక్షాత్తూ పండరి విఠలుడేనని మహారాష్ట్రంతా నమ్ముతుంది.

చలికాలంలో ఈ చేలకు వేరే సందడి ఉంటుంది. పాలు పోసుకుంటున్న కంకులను నిప్పుల్లో కాల్చి, నలిపి తినే ఊచబియ్యాన్ని ఇక్కడ 'హుర్డా' అంటారు. పుణె, ముంబయి నుంచి కార్లలో వచ్చి, చేను గట్టున కూర్చుని, శేంగా చట్నీ, పెరుగుతో తిని, డబ్బులు కట్టి వెళ్తారు. అంటే పర్యాటకం జొన్న దాకా వచ్చేసింది. చేను దాకా వచ్చినది పరాత దాకా రావడానికి ఎంతో దూరం లేదు.

యంత్రం, చేయి, ధర

సుషీ అన్నాన్ని ముద్దలు చేసే యంత్రాన్ని జపాన్‌లో సుజుమో అనే కంపెనీ 1981లో తెచ్చింది. చవక సుషీ ప్రపంచమంతా పాకడానికి అదొక పెద్ద కారణం. విచిత్రం ఏమిటంటే, యంత్రం వచ్చాక చేతి సుషీ చావలేదు, దాని ధర పెరిగింది. చేత్తో చేస్తారు అన్న మాటకే విలువ కట్టడం మొదలైంది. మాస్టారి ముందు పది మంది కూర్చునే బల్ల, నెలల ముందు బుకింగ్, చివరికి యాత్రికులకు క్లాసు.

సోలాపూర్ యంత్రాన్ని ముందే చూసింది. ఇక్కడ మరమగ్గం వచ్చాక చేతిమగ్గానికి విలువ పెరగలేదు, చోటు పోయింది. బీడీ ఇంకా చేతిపనే, కానీ చేత్తో చుట్టినందుకు ఎవరూ రూపాయి ఎక్కువివ్వరు. ఈ వాడలో చేతి పనితనానికి కొరత ఎప్పుడూ లేదు. దానికి ధర కట్టించుకునే బలమే లేదు. టోక్యోకూ పూర్వ భాగ్‌కూ తేడా నాకు అక్కడే కనిపించింది, చేతుల్లో కాదు.

ఇప్పుడిప్పుడే ఒక దారి తెరుచుకుంటోంది. 'కడక్ భాకరీ' అనే ఎండు రొట్టె. పలుచగా తట్టి, సన్న సెగ మీద గుడ్డతో అద్దుతూ తడి మొత్తం పోయేదాకా కాలిస్తే అప్పడంలా విరుగుతుంది, వారాల తరబడి నిలవ ఉంటుంది. పక్కన కర్ణాటకలోనూ ఇదే రొట్టె ఉంది. సుషీ పుట్టుక కూడా నిలవ కోసమే. చేపను ఉప్పు వేసి అన్నంలో నెలల పాటు పులియబెట్టి దాచుకునే పద్ధతి దాని మూలం. బీవా సరస్సు దగ్గర 'ఫునాజుషీ' పేరుతో అది ఇంకా బతికే ఉంది. కడక్ రొట్టెలను ఆడవాళ్లు ఇళ్లలో తట్టి, ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. పుణెలో చదువుకునే పిల్లల సంచుల్లో, హైదరాబాద్ వచ్చే చుట్టాల చేతుల్లో అవి ప్రయాణం చేస్తున్నాయి. లెక్క మళ్లీ బీడీ లెక్కే, ఇన్ని రొట్టెలకు ఇంత. అయినా తంబాకు దుమ్ము పీల్చక్కర్లేని లెక్క.

తిరిగి బయలుదేరే ముందు డబ్బు సంగతి ఎత్తితే పెద్దమ్మ కోప్పడింది. మాట మార్చడానికి టోక్యో క్లాసుల గురించి చెప్పాను. పచ్చి చేప అనగానే ముఖం చిట్లించింది. ఫీజు ఎంతని అడిగింది. పదివేల యెన్‌లు కూడా తీసుకుంటారు, మన డబ్బుల్లో ఐదారు వేలని చెప్పాను. ఆమె కోడలి వైపు తిరిగి, వేళ్ల మీద వేలు పెట్టి లెక్క కట్టింది.

"దగ్గర దగ్గర నెల బీడీల పైసలు" అంది. కాసేపు ఆగి, "ఎన్ని రొట్టెలు చేపిస్తరు గంత పైసలకు?" అని అడిగింది.

పది పన్నెండు ముద్దలని చెప్పాను. పెద్దమ్మ నమ్మలేదు. కోడలు మాత్రం, చలికాలంలో హుర్డాకు వచ్చేవాళ్లు ఏ తోవన వస్తారో, వాళ్లను ఎవరు తీసుకొస్తారో నన్ను అడగడం మొదలుపెట్టింది.